రిచర్డ్ ఆస్మన్ గారు ఎప్పుడు చూసినా తెర మీదే ఉంటారు, మరి రాసేది ఎప్పుడు?

కాఫీపొడి · 2025 సెప్టెంబరు 28

నిన్న రాత్రి నెట్‌ఫ్లిక్స్‌లో 'ది థర్స్‌డే మర్డర్ క్లబ్' రెండోసారి చూశాను. రిటైరైన వృద్ధులు హత్యలు ఛేదించే కథ, బ్రిటిష్ టీవీ వ్యాఖ్యాత ఆస్మన్ రాసిన నవలే దానికి ఆధారం. హెలెన్ మిర్రెన్ గూఢచారి చూపులు చూస్తుంటే మా ఆవిడ గుర్తొచ్చిందని పైకి అన్నాను. దాని ఫలితం ఇక్కడ అనవసరం.

అసలు సంగతికి వస్తాను. ఇది ఫిర్యాదు అనుకున్నా సరే, అసూయ అనుకున్నా సరే. ఈ పెద్దమనిషి రాసేది ఎప్పుడు? వారానికి రెండుసార్లు మెరీనా హైడ్‌తో కలిసి పాడ్‌కాస్టు. బీబీసీలో క్విజ్ కార్యక్రమం. ఆగస్టు 28న సినిమా విడుదలైతే దాని కోసం ఇంటర్వ్యూలు. నెల తిరగకుండా సెప్టెంబరు 25న ఈ వరసలో ఐదో నవల 'ది ఇంపాసిబుల్ ఫార్చ్యూన్'. మళ్లీ ఇంటర్వ్యూలు. ఆరడుగుల ఏడంగుళాల మనిషి కాబట్టి ఎక్కడున్నా కనిపిస్తాడు, అది నిజమే. కానీ కుర్చీలో కూర్చుని రాస్తున్నట్టు మాత్రం ఎక్కడా కనిపించడు.

నేను ట్రెజరీలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేశాను. రిటైరై పదేళ్లు. తీరిక తప్ప నాకేమీ లేదు. నా జ్ఞాపకాలు పన్నెండో పేజీ దగ్గర ఆగి ఆరేళ్లయింది.

లైబ్రరీకార్డు · సెప్టెంబరు 28

కాఫీపొడి గారూ, మీ ప్రశ్నకు జవాబు సెప్టెంబరులోనే ఉంది. లెక్క చూడండి. మొదటి పుస్తకం 2020 సెప్టెంబరు. 'ది మ్యాన్ హూ డైడ్ ట్వైస్' 2021 సెప్టెంబరు. 'ది బుల్లెట్ దట్ మిస్డ్' 2022 సెప్టెంబరు. 'ది లాస్ట్ డెవిల్ టు డై' 2023 సెప్టెంబరు. 2024 సెప్టెంబరులో వృద్ధుల ముఠాకు సెలవిచ్చి 'వి సాల్వ్ మర్డర్స్' అనే కొత్త వరస మొదలుపెట్టాడు. ఇప్పుడు 2025 సెప్టెంబరు. ఆరేళ్లు, ఆరు పుస్తకాలు. మా ఊళ్లో వినాయకచవితి ఉత్సవ కమిటీ కూడా ఇంత క్రమంగా నడవదు.

రోజుకు సుమారు వెయ్యి పదాలు రాయడం తన పద్ధతి అని ఆయన చాలాచోట్ల చెప్పాడు. రోజుకు వెయ్యి అంటే వంద రోజుల్లో లక్ష. సంవత్సరంలో మిగిలిన రెండు వందల అరవై అయిదు రోజులూ టీవీలో కనిపించినా మనం అడగడానికి ఏమీ లేదు.

కాఫీపొడి · సెప్టెంబరు 28

రోజుకు వెయ్యి పదాలా! నేను ఆఫీసులో రాసిన అతిపెద్ద నోట్ ఫైలు రెండు వందల పదాలు. అందులో నూట ఇరవై 'పైన సూచించిన విషయమునకు సంబంధించి' లాంటివే.

కారాలుమిరియాలు · సెప్టెంబరు 29

పొగడ్తలు మొదలయ్యే ముందే ఒక మాట. టీవీలో మొహం తెలిసినవాడు నవల రాస్తే అది పుస్తకాల దుకాణం ముందు బల్ల మీద ఉంటుంది. మొహం తెలియనివాడు రాస్తే వెనక అరలో, వెన్ను మాత్రమే కనబడేలా ఉంటుంది. ఆస్మన్ మొదటి నవల హక్కుల కోసం 2019లో పది ప్రచురణ సంస్థలు వేలంలో పోటీపడ్డాయి. రెండు పుస్తకాలకు కలిపి పది లక్షల పౌండ్లకు పైనే పలికింది. అప్పటికి ఒక్క నవల కూడా అచ్చుకాని మనిషికి! ఆ తర్వాత అక్కడి టీవీ, రేడియో వాళ్లంతా వరస కట్టారు. రేడియోలో పేరున్న చర్చి గురువు రిచర్డ్ కోల్స్ 2022లో మొదలుపెట్టాడు, జెరెమీ వైన్ ఈ ఏడాది వచ్చాడు. పల్లెటూరు, చర్చి, టీ కప్పు, ఒక శవం. శవానికి కూడా నెత్తురు కారదు, మర్యాదగా పడి ఉంటుంది.

యార్క్‌షైర్_వాన · సెప్టెంబరు 29

నేను లీడ్స్‌లో ఉంటాను. మిరియాలు గారు చెప్పిన ముందు బల్ల సంగతి నూటికి నూరు శాతం నిజం. కూరగాయలు కొనే సూపర్ మార్కెట్‌లో కూడా పాల సీసాల ఎదురుగా ఆస్మన్ పుస్తకాలు గుట్టగా ఉంటాయి. ఇక్కడ గట్టి అట్ట పుస్తకం సగం ధరకు దొరికేది అక్కడే.

కానీ ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆయన మొదటి నవలను దాదాపు ఎవరికీ చెప్పకుండా రాశాడు. 'పాయింట్‌లెస్' అనే మరో బీబీసీ క్విజ్ కార్యక్రమంలో రోజూ కనిపిస్తూనే ఇంట్లో గుట్టుగా రాసుకున్నాడు. చెబితే జనం 'ఎంతవరకు వచ్చింది' అని అడుగుతారు కదా, ఆ బాధ తప్పించుకున్నాడు. నా ఉద్దేశంలో ఈ మొత్తం కథలో నేర్చుకోవలసింది ఏదైనా ఉంటే అదే.

సగంకథ · సెప్టెంబరు 29

'ఎంతవరకు వచ్చింది' అన్న మాట చదవగానే గుండె ఝల్లుమంది. ఈ వేదికలోనే మార్చిలో 'నేను అపరాధ పరిశోధన నవల రాస్తున్నానోచ్' అని ప్రకటించిన మూర్ఖురాలిని నేనే. అప్పటినుంచి నెలకోసారి ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. అడిగినప్పుడల్లా ఒక అధ్యాయం కొట్టేస్తున్నాను. ఇప్పుడు మార్చిలో కంటే తక్కువ ఉంది.

నర్సమ్మ · సెప్టెంబరు 29

సగంకథా, అడగనులేమ్మా. (ఎంతవరకు వచ్చింది?)

నేను చదివింది ఒకే కారణానికి. అందులో జాయిస్ అనే పాత్ర నాలాగే రిటైరయిన నర్సు. మొదటి పుస్తకం మొదలవడమే ఎలిజబెత్ వచ్చి భోజనాల బల్ల దగ్గర ఆమెను అడగడంతో. ఇంత బరువున్న అమ్మాయిని ఇక్కడ పొడిస్తే రక్తం పోయి చనిపోవడానికి ఎంతసేపు పడుతుంది, అని. జాయిస్ కంగారుపడదు. లెక్క వేసి చెబుతుంది. ముప్ఫై ఏళ్లు వార్డులో నిలబడ్డవాళ్లు ఇలాగే మాట్లాడతారు. మా బంధువులు అన్నం తింటుంటే నేను పుండ్ల గురించి చెప్పి తిట్లు తిన్న రోజులు గుర్తొచ్చాయి. రాసినతను నర్సులతో కూర్చుని విన్నాడు, లేకపోతే అంత మామూలుగా రాయలేడు.

లైబ్రరీకార్డు · సెప్టెంబరు 30

విన్నాడు, నర్సమ్మగారూ. వాళ్ల అమ్మగారు ఉండే రిటైర్మెంట్ విలేజీకి వెళ్లినప్పుడే ఈ ఆలోచన పుట్టింది. చుట్టూ పచ్చిక, ప్రశాంతత, ఒకప్పుడు గొప్ప గొప్ప పనులు చేసి ఇప్పుడు ఎవరూ పట్టించుకోని మనుషులు. ఇక్కడ ఒక హత్య జరిగితే వీళ్లకంటే బాగా ఎవరు ఛేదిస్తారు అనుకున్నాడట. కెంట్‌లోని కూపర్స్ చేజ్ అనే కల్పిత ఊరు అలా వచ్చింది. అక్కడ మాజీ గూఢచారి ఎలిజబెత్, కార్మిక నాయకుడు రాన్, మానసిక వైద్యుడు ఇబ్రహీం, మీ జాయిస్.

నాకు బాగా నచ్చే వివరం ఒకటుంది. వాళ్లు గురువారమే ఎందుకు కలుస్తారంటే, జిగ్‌సా గది ఆ రోజు చిత్రకళా చరిత్ర తరగతికీ ఫ్రెంచి సంభాషణ తరగతికీ మధ్య రెండు గంటలు ఖాళీగా ఉంటుంది. గదిని 'జపనీస్ ఒపెరా: ఒక చర్చ' అన్న పేరుతో బుక్ చేస్తారు, మరెవరూ తొంగిచూడకుండా. ఏ సంఘంలోనైనా సభ్యుడిగా ఉన్నవాడికి ఈ కిటుకు విలువ అర్థమవుతుంది.

కాఫీపొడి · సెప్టెంబరు 30

మా పెన్షనర్ల సంఘంలో ఆ కిటుకు ఎప్పటినుంచో ఉంది. 'ఆరోగ్య అవగాహన సదస్సు' అని బోర్డు పెట్టి లోపల పేకాడతారు.

సగంకథ · సెప్టెంబరు 30

కాఫీపొడి గారూ, ఆ వాక్యం నేను వాడుకోవచ్చా? నా నవల జరిగేదే పెన్షనర్ల సంఘంలో.

కాఫీపొడి · సెప్టెంబరు 30

వాడుకోండి. సంఘం పేరు మాత్రం మార్చండి. అధ్యక్షుడు చదువుతాడు.

పాతసీరియల్ · అక్టోబరు 2

ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. 'రాసేది ఎప్పుడు' అన్న ప్రశ్న మన కాలంలో ఎవరూ అడగలేదు. ఎందుకంటే వారపత్రికలో ప్రతివారం సీరియల్ భాగం వచ్చేది. అదే రచయిత హాజరు పట్టీ. ఈ వారం రాకపోతే 'రచయిత అస్వస్థత కారణంగా' అన్న చిన్న పెట్టె ఉండేది.

ఇక బహిరంగ దర్శనాల సంగతి చూడండి. మల్లాది వెంకటకృష్ణమూర్తి గారి నవలలు ఇంటింటా ఉండేవి, ఆయన ఫొటో మాత్రం ఎక్కడా ఉండేది కాదు. సభలకు వచ్చేవారు కాదు, మొహం చూపించేవారు కాదు. మా కాలేజీలో ఒకడు 'నేను ఆయన్ను రైల్లో చూశాను' అని చెప్పి ఒక సంవత్సరం పాటు వీరుడిగా చలామణి అయ్యాడు. చూడని మనిషిని ఎలా గుర్తుపట్టావురా అని ఎవరికీ తట్టలేదు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ ఎలా ఉంటాడో మాకు అందరికీ తెలుసు, కొమ్మూరి గారు ఎలా ఉంటారో మాలో చాలామందికి తెలియదు. కావలసింది యుగంధర్ కదా!

కారాలుమిరియాలు · అక్టోబరు 2

పాతసీరియల్ గారికి నమస్కారం. నేను చెప్పబోయింది మీరు చెప్పారు. రచయిత మొహం అట్ట వెనకాలే ఉండాలి, అది కూడా తపాలాబిళ్ల సైజులో.

యార్క్‌షైర్_వాన · అక్టోబరు 3

మొహం దాచుకున్న రచయితల మాట వచ్చింది కాబట్టి మా ఊరి పక్క సంగతి చెబుతాను. లీడ్స్ నుంచి రైల్లో అరగంట పైచిలుకు ప్రయాణం హారోగేట్. ప్రతి జులైలో అక్కడ నేరకథా సాహిత్యోత్సవం జరుగుతుంది. 2003లో మొదలైంది, ఒక బీరు కంపెనీ పేరు మీద నడుస్తుంది. రచయితలు, పాఠకులు, ప్రచురణకర్తలు అందరూ ఓల్డ్ స్వాన్ అనే హోటలు పచ్చిక మీద గ్లాసులు పట్టుకుని తిరుగుతుంటారు. ఎవరు రచయితో ఎవరు పాఠకుడో మెడలో కార్డు చూస్తే తప్ప తెలియదు. నేను ఒకాయన్ను మరుగుదొడ్డి ఎక్కడని అడిగాను. సాయంత్రం వేదిక మీద ఆయనే ముఖ్య వక్త.

తమాషా ఏమిటంటే, 1926 డిసెంబరులో అగాథా క్రిస్టీ కనబడకుండా పోయి, దేశమంతా వెతికి వెతికి, పదకొండు రోజుల తర్వాత దొరికింది ఆ హోటల్లోనే. అప్పుడు దాని పేరు స్వాన్ హైడ్రోపతిక్. ఆమె అక్కడ దిగింది మారుపేరుతో, అదీ తన భర్త ప్రేమించిన స్త్రీ ఇంటిపేరు పెట్టుకుని. జనాన్ని తప్పించుకోవడానికి ఒక రచయిత్రి దాక్కున్న చోటికి ఇప్పుడు రచయితలు జనాన్ని కలవడానికి వస్తున్నారు.

లైబ్రరీకార్డు · అక్టోబరు 3

ఆ సంఘటన తర్వాత ఆమెకు పత్రికలంటే జన్మంతా భయమే. 1958లో ఆమె రాసిన 'ది మౌస్‌ట్రాప్' నాటకం ప్రదర్శనల్లో రికార్డు సృష్టించినప్పుడు లండన్ సవాయ్ హోటల్లో పెద్ద విందు పెట్టారు. ఆమె కాస్త ముందుగా వెళితే ద్వారం దగ్గర ఉన్నతను గుర్తుపట్టక ఇంకా లోపలికి వెళ్లకూడదన్నాడు. 'ఈ విందు నాకోసమే నాయనా' అనాలి కదా. అనలేదు. తలొంచుకుని వెనక్కి వచ్చేసింది! తన ఆత్మకథలో ఆమే రాసుకుంది. నేర రచయితల డిటెక్షన్ క్లబ్‌కు అధ్యక్షురాలిగా ఉండమంటే, ఉపన్యాసాలు ఇవ్వవలసిన పని ఉండకూడదన్న షరతు మీదే ఒప్పుకుంది. మాట్లాడటానికి ఆమె పక్కన లార్డ్ గోరెల్ అనే మరో అధ్యక్షుణ్ని పెట్టారు.

రాతలో మాత్రం ఎవరికీ భయపడలేదు. తన డిటెక్టివ్ పొయ్‌రో చివరి కథ 'కర్టెన్'ను రెండో ప్రపంచ యుద్ధ కాలంలోనే రాసి భద్రంగా దాచేసింది. అది అచ్చయింది 1975లో. ముప్ఫై ఏళ్లకు పైగా పూర్తయిన నవలను దాచుకుని 'ఎంతవరకు వచ్చింది' అని అడిగినవాళ్లకు నవ్వి ఊరుకోగలిగిన మనిషి.

సగంకథ · అక్టోబరు 3

నేను ఈ రాత్రి నిద్రపోను. ముప్ఫై ఏళ్లకు పైగా!

నర్సమ్మ · అక్టోబరు 5

ఆస్మన్ గారి విషయంలో మీరంతా ఒకటి మరిచిపోతున్నారు. ఆయనకు పుట్టుకతోనే నిస్టాగ్మస్ ఉంది. కంటిగుడ్లు నిలకడగా ఉండవు, వాటంతట అవే కదులుతుంటాయి. దూరంగా ఉన్నది స్పష్టంగా కనబడదు. టీవీ వాళ్లు ఎదురుగా పెట్టుకుని చదివే తెర కూడా ఆయనకు పనికిరాదు. అంటే అక్కడ కూర్చుని మాట్లాడేదంతా తలలోంచి వచ్చిందే. ఇలాంటి చూపు ఉన్న పిల్లల్ని వార్డులో చూశాను, వాళ్ల చెవులు చాలా చురుగ్గా ఉంటాయి. ఆయన పుస్తకాల్లో వర్ణనలు తక్కువ, మాటలు ఎక్కువ. ఎందుకో నాకు దానికీ దీనికీ సంబంధం ఉందనిపిస్తుంది. ఇది డాక్టరు మాట కాదు, నా మాటే.

యార్క్‌షైర్_వాన · అక్టోబరు 5

భలే చెప్పారు. నేను ఆడియో పుస్తకంగా విన్నప్పుడు చదివినప్పటికంటే హాయిగా అనిపించింది, ఇప్పుడు కారణం తెలిసింది.

కారాలుమిరియాలు · అక్టోబరు 5

చిన్న చిన్న అధ్యాయాలు, ప్రతి దాని చివరా ఒక మెలిక. ఆయన ఎండెమాల్ యూకే అనే టీవీ కార్యక్రమాల సంస్థలో ఏళ్ల తరబడి క్రియేటివ్ డైరెక్టరుగా ఉన్నాడు. ఆటల కార్యక్రమాలు తయారుచేయడమే వృత్తి. ప్రకటన వచ్చేముందు జనం చానల్ మార్చకుండా ఎలా కట్టిపడేయాలో తెలిసిన మనిషి. పుస్తకంలో చేసేది కూడా అదే. ఇది తిట్టు అనుకుని మొదలుపెట్టాను, రాస్తుంటే మెచ్చుకోలులా తయారైంది. వదిలేయండి.

పాతసీరియల్ · అక్టోబరు 6

మిరియాలు గారూ, వారం వారం 'సశేషం' అని పెట్టి మా ప్రాణాలు తీసిన మన సీరియల్ రచయితలు ఏ టీవీ సంస్థలో పనిచేశారండీ?

తాటిముంజ · అక్టోబరు 9

కొత్తగా చేరాను. నాలుగో పుస్తకం ఇప్పుడే ముగించాను, ఇంకా కళ్లు తడిగానే ఉన్నాయి. ఎలిజబెత్ భర్త స్టీఫెన్ విషయంలో చివరికి

[మిగిలిన భాగం తొలగించడమైనది. పుస్తకం చదవనివాళ్లు ఉన్నారు. నిర్వాహకుడు]

తాటిముంజ · అక్టోబరు 9

క్షమించండి. కథ చెప్పకుండా అడుగుతాను. స్టీఫెన్‌కు మతిమరుపు జబ్బు అని మొదటి పుస్తకంలోనే తెలుస్తుంది కాబట్టి అది చెప్పవచ్చు అనుకుంటాను. ఇది 'హాయి నేరకథ' అంటారే, ఇంత దుఃఖం ఎక్కడిది?

నర్సమ్మ · అక్టోబరు 9

హాయి అన్నది హత్య గురించి కాదమ్మా. మా అమ్మకు చివరి నాలుగేళ్లు అదే జబ్బు. స్టీఫెన్ చదరంగం బల్ల ముందు కూర్చుంటాడు చూడండి, వాళ్ల స్నేహితుడు బోగ్డన్ వచ్చి ఆడతాడు. ఆ ఒక్క గంట స్టీఫెన్ పూర్తిగా స్టీఫెనే. మా అమ్మకు తాంబూలం అలాగే. పేరు మరిచిపోయింది, నన్ను మరిచిపోయింది, ఆకుకు సున్నం ఎంత రాయాలో మాత్రం చేయి మరిచిపోలేదు. ఆ అధ్యాయాలు చదివాక నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆస్మన్ తాతగారికి మతిమరుపు వచ్చిందో లేదో నాకు అనవసరం. దగ్గరగా చూడనివాళ్లు అలా రాయరు.

కాఫీపొడి · అక్టోబరు 10

నర్సమ్మగారి మాటకు ఏమీ చేర్చలేను. 'హాయి నేరకథ' అన్న పదం మాత్రం నాకు మింగుడుపడటం లేదు. కోజీ క్రైమ్‌కు తెలుగులో ఇంకేదైనా మాట ఉందా?

పాతసీరియల్ · అక్టోబరు 10

'అరుగు మీది అపరాధ పరిశోధన'. అరుగు మీద కూర్చునే అమ్మమ్మకు వీధిలో ఎవరింట్లో ఏం జరిగిందో పోలీసులకంటే ముందే తెలుసు.

కారాలుమిరియాలు · అక్టోబరు 10

'నెత్తురంటని నేరం'. నాది నాకు నచ్చింది, ఓటింగు అక్కర్లేదు.

లైబ్రరీకార్డు · అక్టోబరు 12

మొదటి పుస్తకం అంతగా ఎందుకు అమ్ముడుపోయిందో మొహం ఒక్కటే చెప్పదు, మిరియాలు గారూ. 2020 గుర్తుంది కదా. వృద్ధుల ఆశ్రమాల వార్తలన్నీ చావు వార్తలే. అమ్మను కిటికీ అద్దం అవతల నిలబడి చూసి వచ్చినవాళ్లకు, ఆ వయసు మనుషులు తెలివిగా, చిలిపిగా, అల్లరి చేస్తూ హంతకులను పట్టుకునే పుస్తకం దొరికింది. ఆ ఏడాది బ్రిటన్‌లో క్రిస్మస్ అమ్మకాల్లో మొదటి స్థానం దానిదే, బరాక్ ఒబామా జ్ఞాపకాల పుస్తకాన్ని కూడా దాటి. తొలి నవల ఒకటి ఆ స్థానానికి రావడం అదే మొదటిసారి. టీవీ మొహం పుస్తకాన్ని బల్ల మీదికి తెస్తుంది, ఒప్పుకుంటాను. రెండోది, మూడోది కొనిపించడం దానివల్ల కాదు.

ఇంకొకటి. 2022లో ఆయన 'పాయింట్‌లెస్' రోజువారీ కార్యక్రమం వదిలేశాడు, రాయడానికి వేళ కావాలని. పన్నెండేళ్ల పైబడిన ఉద్యోగం అది. కనిపించడం తగ్గించుకుని రాశాడు. కాఫీపొడి గారి ప్రశ్నకు ఇది కూడా జవాబే.

యార్క్‌షైర్_వాన · అక్టోబరు 12

అదే 2022లో వంశవృక్షం వెతికే బీబీసీ కార్యక్రమంలోనూ కనిపించాడు. ఆయన పూర్వీకుల్లో ఒకాయన బ్రైటన్‌లో చేపలు పట్టేవాడు. 1831లో ఒకచోట మట్టి తవ్వి కప్పినట్టు ఉండటం గమనించి, అనుమానం వచ్చి, మళ్లీ వెళ్లి చూపించాడు. కింద ఒక హత్యకు గురైన స్త్రీ మృతదేహం. ఆ కేసులో ఆమె భర్తకు ఉరిశిక్ష పడింది. అంటే పోలీసు కాని మామూలు మనిషి హత్యను బయటపెట్టడం ఆ వంశంలో రెండు వందల ఏళ్ల కిందటే ఉంది. నవలలు రాసిన తర్వాత తెలిసిందట! నవలలో ఇలా రాస్తే మనమే నమ్మం.

కాఫీపొడి · అక్టోబరు 13

మా వంశంలో వెతికితే పూర్వీకులంతా కరణాలే. మట్టి తవ్వితే శిస్తు రాసేవాళ్లు.

సగంకథ · నవంబరు 4

నెల తర్వాత వస్తున్నాను. ఒక సాంకేతిక సందేహం, కాఫీపొడి గారికి. నా కథలో రిటైరయిన రైల్వే గార్డు సెప్టెంబరులో చనిపోతాడు, ఎవరికీ తెలియదు. నవంబరులో ఆయన జీవన ప్రమాణ పత్రం మాత్రం సక్రమంగా దాఖలవుతుంది. చచ్చిపోయినవాడు బతికున్నట్టు సంతకం చేశాడన్నమాట. సంఘం కోశాధికారి అయిన ముసలావిడ అక్కడ పట్టుకుంటుంది. ఇది కుదురుతుందా?

కాఫీపొడి · నవంబరు 4

అమ్మా, ఈ దారంలో ఇప్పటిదాకా వచ్చిన ప్రశ్నలన్నిటిలోకీ దీనికే నా దగ్గర జవాబు ఉంది!

కేంద్ర ప్రభుత్వ పెన్షనరు కాబట్టి నవంబరు సరైన నెలే. కానీ 2014 నుంచి జీవన్ ప్రమాణ్ ఆన్‌లైన్‌లో ఉంది. వేలిముద్ర, కనుపాప, ఇప్పుడైతే ఫోనులో మొహం చూపించినా చాలు. చచ్చిపోయినవాడి వేలిముద్ర నవంబరులో పడదు. అక్కడ మీ హంతకుడు ఇరుక్కుంటాడు. అయితే కాగితం పత్రం ఇంకా చెల్లుతుంది. మంచాన పడ్డ పెన్షనరు అని చెప్పి, అధీకృత అధికారి సంతకంతో ఇవ్వవచ్చు. కాబట్టి మీ కథలో సంతకం పెట్టిన అధికారి మనిషిని చూడకుండా పెట్టాడా, చూసే పెట్టాడా అన్నదే అసలు ప్రశ్న. చూసే పెట్టాడంటే, ఆయన చూసింది ఎవరిని?

నర్సమ్మ · నవంబరు 4

అయ్యబాబోయ్. ఒళ్లు జలదరించింది.

సగంకథ · నవంబరు 4

...మంచంలో వేరే మనిషిని పడుకోబెట్టారు. కాఫీపొడి గారూ, మీకు తెలియకుండానే మూడు అధ్యాయాలు ఇచ్చారు. నేను వెళుతున్నాను, కొన్నాళ్లు నన్ను ఏమీ అడగకండి.

కారాలుమిరియాలు · నవంబరు 5

చూశారా, ఈ దారంలో అందరికంటే ఎక్కువ పనికొచ్చిన రచనా సలహా ట్రెజరీ నుంచి వచ్చింది. ఇక నుంచి సాహిత్య సభలకు ముఖ్య అతిథిగా అకౌంటెంట్లను పిలవాలి.

పాతసీరియల్ · నవంబరు 5

కాఫీపొడి గారూ, మీ జ్ఞాపకాలు పన్నెండో పేజీ దగ్గర ఎందుకు ఆగాయో ఇప్పుడు అర్థమైంది. మీరు మీ గురించి రాస్తున్నారు. ఫైళ్ల గురించి రాయండి.

కాఫీపొడి · నవంబరు 6

ఆలోచిస్తున్నాను. 1987లో ఒక పెన్షన్ ఫైలు ఉండేది, ఇద్దరు భార్యలు, ఒకే పేరు, ఒకే పుట్టినతేదీ. ఇక్కడ చెప్పను. లైబ్రరీకార్డు గారూ, అయిదో పుస్తకం మీ గ్రంథాలయానికి వచ్చిందా?

లైబ్రరీకార్డు · నవంబరు 6

మొన్ననే వచ్చింది, ఒక్కటే ప్రతి. మీది మూడో పేరు. మీకంటే ముందు ఉన్నావిడ పేజీ మూల మడిచే మనిషి, ముందే చెబుతున్నాను.